మా చెల్లె కుంట

మా చెల్లె ఏం జేసినా నలుగురికీ ముద్దొస్తది. చిన్నప్పటి సంది గంతే. ఒక్కటే తాన్ల గుడ్డ కోసి ఇద్దరికి లంగలు కుట్టిస్తే, చూసినోళ్లు దానిదే మంచిగున్నదన్నరు. పెండ్లితోటన్న ఈ పీడ వదుల్తదనుకున్న. మా బాపు నన్నిచ్చిన ఇంట్లనే, నా మరిదికే దాన్నిచ్చిండు. అక్కచెల్లెండ్లం పోయి యారాండ్లమైనం.

రెండువేల సంవత్సరం దాటినంక అత్వెల్లి దిక్కు పొలం కొంత అమ్మి, మేడ్చల్‌ల పక్కపక్కకే రెండిండ్లు కట్టుకున్నం. నడుమ గోడ లేదు, ఇద్దరికి బోరొక్కటే. పొద్దుగాల నీళ్లు మాకు, పొద్దుమీకి వాళ్లకు. మా అత్త మాత్రం మా ఇంట్లనే ఉండేది. తినుడు మా తాన, పండుడు మా తాన.

ఒక ఎండకాలం మా చెల్లె ఇంటెనక చిన్న కుంట కట్టిచ్చింది. రెండు మంచాలు పట్టేంత జాగల తవ్వి, రాయి పేర్చి, సిమెంటు చేయిచ్చి, నాలుగు బాతులను తెచ్చి ఇడిసింది. ఇగ మా అత్తకు అదే లోకమైంది. చాయ్ నా చేతుల అందుకొని, కుర్సీ సంకల వెట్టుకొని, పోయి దాని కుంట కాడ కూసునేది. చాయ్ నాది, మురిపెం దానికి. "సలికాలం గీడ ఎండ మస్తు పడ్తది బిడ్డా, పొద్దంత గీన్నే కూసుంట" అని దానితోటి అంటుంటే నా చెవుల వడ్డది. పొరుగింటి పుల్లకూర రుచి అని ఊకె అన్నరా!

నేను గూడ మేస్త్రిని పిలిపిచ్చిన. దాని కుంట కంటె జర పెద్దగనే తవ్వుమన్న.

"మనకెందుకే? బాతులు ఆడున్నయ్ గద, సూడాల్నంటే పోయి సూడు" అన్నడు మా ఆయన. నేను రెండు రోజులు ఆయనతోటి మాట్లాడలే.

తవ్వుడయింది, రాయి పేర్చుడయింది. లోపల సిమెంటు పూత, గిలాబు ఒక్కటే మిగిలింది. అప్పటికి దసర పోయింది. ఆ ఏడు వానలు సరిగ పడలే. బోరు ఒకసారి నీళ్లు పోసుడు, ఒకసారి గాలి ఊదుడు షురూ చేసింది.

"గిలాబు జేస్తే ఇప్పుడే జెయ్యాలమ్మా" అన్నడు మేస్త్రి. "రోజు తడపాలె, తర్వాత నింపాలె. సలికాలం వడ్డంక గీ బోరును నమ్మేటట్టు లేదు. వద్దనుకుంటే మట్టి పోసి పూడ్వుండ్రి, పసి పిల్లలు పడ్తరు. ఇంకోటి, ఒక్క బోరు మీద రెండు కుంటలు నిండయి. మీది నింపితే వాళ్లది ఎండుతది."

గది నాకు ఎరికే. ఎండుతదని తల్సుకుంటేనే నాకు సంబురమైతుండె. కని నా నోటితోటి "నీ కుంట ఎండనియ్యి" అని ఎట్ల అనాలె? అంటే అత్త ముందట నేను చెడ్డదాన్నయిత. అనకుంటే సలికాలమంత అత్త ఆడ, నేనీడ. మేస్త్రి మళ్లొచ్చి అడిగి పోయిండు. చెయ్యుమని చెప్పలే, వద్దని చెప్పలే.

ఒక పొద్దు ఆ గుంత గట్టు మీద కూసొని ఉంటే మా చెల్లె వచ్చింది. దాని చీర కుచ్చిళ్లు తడిసి ఉన్నయి.

"అక్కా, మేస్త్రిని రమ్మను. నా కుంట తూము ఇప్పిన, నీళ్లన్ని చెట్లకు పోయినయ్. నా వంతు నీళ్లు గూడ నువ్వే పట్టుకో. బాతులు నీ దిక్కొచ్చి ఆడుకుంటయ్."

"నేనడిగిన్నా?" అన్న.

"నువ్వడగలే. నీ మొఖం నాకు తెల్వదా?" అని నవ్వింది.

ఆ నవ్వుల ఎక్కడన్న ఎకసెక్కం ఉన్నదేమోనని దేవులాడిన. లేదు. ఉంటే ఎంత బాగుండు. నాలుగు మాటలని, ఆ గుంత పూడ్సి, ఊకుందును.

కుంట అయింది, నిండింది. సలి షురువైనంక ఒక పొద్దుగాల బాతులు వరుసవెట్టి వచ్చి నా నీళ్లల్ల దిగినయి. అత్త కుర్సీ తెచ్చుకొని, నా చాయ్ పట్టుకొని, నా గట్టు కాడ కూసున్నది. నేను నూకలు దెచ్చి పక్కన కూసున్న. ఇంత లొల్లి గా పొద్దు కోసమే గద. ఎనక గల్లీల కూరగాయలమ్మే ఆమె గంప దించి, "కుంట మంచిగున్నదవ్వా, ఎవలు కట్టిచ్చిన్రు?" అని అడిగింది. నేను కొంగు సదురుకొని కూసున్న.

మా అత్త కండ్లల్ల నీళ్లు తీసుకున్నది. "ఏం జెప్పాలె బిడ్డా. మా చిన్నకోడలు తన కుంట ఎండవెట్టుకొని అక్క కుంట నింపింది. గసొంటి మనిషి ఏడ దొరుకుతది?"

సలికాలమంత వచ్చినోళ్లకు, పోయినోళ్లకు గదే ముచ్చట చెప్పింది. నా కుంట కాడ కూసొని, నా చాయ్ తాగుకుంట చెప్పింది.