కేకు అచ్చులో దీపం

సిల్వీ ఇంటి పెరటి గుమ్మం పక్కన పొడుగు కర్ర చీపురొకటి చలికాలమంతా నిలబెట్టి ఉండేది. అది నేల ఊడవడానికి కాదు, దీపాన్ని ఊడవడానికి. స్తంభం మీదున్న పాత బల్బు మాడిపోతే భర్త ఎన్సియో దాని స్థానంలో ఎల్ఈడీ దీపం బిగించాడు. కరెంటు ఆదా, వెలుగు రెట్టింపు. కానీ పాత బల్బు సెగకి గాజు మీద పడ్డ మంచు పడ్డట్టే కరిగి జారిపోయేది. కొత్తదానికి ఆ వెచ్చదనం లేదు. తడి మంచు కురిసినప్పుడల్లా గాజంతా పిండి మెత్తినట్టు మూసుకుపోయేది. సిల్వీ చీపురు పైకెత్తి దులిపితేగాని కట్టెల కొట్టానికి దారి కనబడేది కాదు.

నవంబరులోనే ఆమె ఈ మాట మొగుడి చెవిన వేసింది.

"ఎన్సియో, ఆ దీపం మంచుకి మూసుకుపోతోంది. ఏదన్నా చెయ్యి."

"ఊఁ" అన్నాడు ఎన్సియో, పేపరు లోంచి తల ఎత్తకుండా.

మంచివాడే. టెలిఫోను శాఖలో ముప్పై ఏళ్ళు స్తంభాలెక్కిన మనిషి. ఎవరి రేడియో మూగబోయినా, ఎవరి పంపు మొరాయించినా అడగ్గానే వెళ్ళేవాడు. అయితే అడిగేది బయటివాళ్ళయితే ఒకలా, ఇంట్లో మనిషయితే ఒకలా వినబడుతుంది కాబోలు. సిల్వీ దాన్ని పెద్దగా పట్టించుకోలేదు, తూలియా వచ్చేవరకు.

తూలియా ఊరి చర్చికి కొత్తగా వచ్చిన ఆర్గన్ వాయించే ఆవిడ. దక్షిణం నుంచి ఒంటరిగా వచ్చింది. యాభై దాటినా మోటారు సైకిల్ మీద తిరిగేది. ఆదివారం ఉదయం ఊరి చర్చిలో, సాయంత్రం అడవి అవతలి చర్చిలో వాయించాలి. ఆ బండి ముందు దీపం గాజు రాయి తగిలి పగిలిందనీ, లోపల తడి చేరి వెలుగు మసకబారిందనీ ఒక ఆదివారం చర్చి మెట్ల మీద ఎన్సియోతో చెప్పింది.

"పాతది బాగుచెయ్యడమెందుకు? కొత్తదే చేస్తాను. ఎల్ఈడీ" అన్నాడు ఎన్సియో. అంత ఉత్సాహం అతడి గొంతులో విని ఎన్నాళ్ళయిందోనని సిల్వీ అక్కడే నిలబడి అనుకుంది.

వసంతం నుంచి షెడ్డులో పని మొదలైంది. బండ్ల తనిఖీలో ఒప్పుకునే ముద్ర ఉన్న దీపం గుండెను, అంటే వెలిగే లోపలి భాగాన్ని, తెప్పించాడు. దానికి గుండ్రటి ఒళ్ళు కావాలి. అది అల్యూమినియందై ఉండాలి. ఎల్ఈడీకి వేడంతా వీపు వైపే పుడుతుందట, ఆ వేడిని లోహం లాగి గాలిలోకి వదలాలట. ఒక సాయంత్రం ఎన్సియో వంటింట్లోకి వచ్చి పై అర వైపు చెయ్యి చాచాడు.

"సిల్వీ, ఈ కేకు అచ్చు నువ్వు వాడటం లేదు కదా?"

అది సిల్వీ తల్లిది, అల్యూమినియంది. చుట్టూ మడతలు మడతలుగా, నడుమ గొట్టంతో ఉండేది. ఆ మడతలు వేడిని వదలడానికీ, ఆ గొట్టం తీగలు దాటించడానికీ దేవుడే కొలిచి చేసినట్టు కుదిరాయి. వాడటం లేదన్నది నిజం. వద్దనడానికి ఆమెకు కారణం దొరకలేదు.

"తీసుకో" అంది. పెదవులు బిగిసే ఉన్నాయి. ఎన్సియో చూడలేదు.

ఆ తర్వాత ప్రతి వారం షెడ్డు కిటికీలో రెండు తలలు కనబడేవి. ఎన్సియో ఫ్లాస్కులో కాఫీ పోసుకుని రెండు కప్పులు పట్టుకెళ్ళేవాడు. చర్చిలో పాటకు పెదవి కదపని మనిషి, ఆకురాయి రుద్దుతూ కీర్తనలు కూనిరాగం తీసేవాడు. తూలియా నవ్వితే ఆ నవ్వు పెరడు దాటి వంటింటి దాకా వచ్చేది. సిల్వీ బంగాళాదుంపల తొక్క కావలసినదానికంటే మందంగా తీసేది.

ఇంకా కష్టమేమిటంటే, తూలియా చెడ్డదయినా కాదు. సిల్వీకి జలుబు చేసినప్పుడు గుమ్మం దగ్గర సీసాడు ఎర్రపళ్ళ రసం పెట్టి, తలుపు కూడా తట్టకుండా వెళ్ళిపోయింది. చర్చి వంటగది మెట్లు జారుతున్నాయని తనే ఇసుక చల్లేది. కోపగించుకోవడానికి కాస్తయినా చోటివ్వని మనిషిని భరించడం ఎంత కష్టమో సిల్వీకి ఆ వేసవిలో తెలిసింది. రాత్రి పడుకునే ముందు "ప్రభువా, నా మనసు కడుగు" అని వేడుకునేది. తెల్లారేసరికి మనసు మళ్ళీ మురికయ్యేది. ఒకటి మాత్రం చేయగలిగింది. ఊళ్ళో అందరూ ఒకరినొకరు నువ్వనే అనుకుంటారు. సిల్వీ తూలియాని పట్టుదలగా "మీరు" అనేది. చలిగాలికి తలుపు వేసినట్టుండేది ఆ మాట.

ఆగస్టు చివర దీపం పూర్తయింది. మసక పడే వేళ బండిని కొట్టం తెల్లగోడకు ఎదురుగా నిలిపి వెలుగు ఎత్తు సరిచేశారు. పక్కింటి హిల్కా కూడా వచ్చింది. గోడ మీద వెలుగు గీత గీసినట్టు తెగి పడింది, కింద పట్టపగలు, పైన చీకటి.

"ఎదుటి డ్రైవరు కళ్ళలో పడదు. దారి మాత్రం చీమతో సహా కనబడుతుంది" అన్నాడు ఎన్సియో. "చెయ్యి పెట్టి చూడు సిల్వీ, గాజుకి కొంచెమైనా వేడి లేదు!"

సిల్వీ అరచెయ్యి ఆనించింది. గాజు బావినీళ్ళలా చల్లగా ఉంది. ఆ క్షణాన చీపురు గుర్తొచ్చింది. మంచు పడితే ఈ గాజూ మూసుకుపోతుందని ఒక్కసారిగా అర్థమైంది. చెప్పడానికి నోరు తెరిచింది.

"నీ చేతులకి నేను రుణపడిపోయాను ఎన్సియో" అంటూ తూలియా అతడి భుజం మీద చెయ్యి వేసింది.

సిల్వీ నోరు మూసుకుంది. మంచు పడేలోగా బండిని లోపల పెట్టేస్తుందిలే, అని తనకు తానే చెప్పుకుంది. అలా చెప్పుకున్నందుకు ఆ రాత్రి ప్రార్థనలో మాట తడబడింది.

అక్టోబరు మొదటి ఆదివారం, మోటారు సైకిళ్ళవాళ్ళు చలికాలానికి ముందు ఆ ఏటి ప్రయాణాలు ముగించే ఆరాధన. చుట్టుపక్కల ఊళ్ళ బండ్లన్నీ చర్చి ముందు వరుసగా నిలిచాయి. ఆ ఏడాది పోయినవాళ్ళ కోసం కొవ్వొత్తులు వెలిగించారు. తర్వాత చర్చి హాల్లో చేపల సూపు. గరిటె సిల్వీ చేతిలో ఉంది, రొట్టెల పళ్ళెం హిల్కా చేతిలో.

"మీ ఆయన చేసిన దీపం చూడ్డానికి జనం ఎగబడుతున్నారే" అంది హిల్కా. "నీ వంటింటి డబ్బాలు కూడా దాచుకో. వచ్చే ఏడు ఆవిడ బండికి వెనక దీపం కావాలంటుంది."

"సూపు చల్లారిపోతోంది, పద" అంది సిల్వీ.

"అయ్యో, ఇక్కడేదో మాడుతున్న వాసనొస్తోందే!"

అందరూ నవ్వారు. సిల్వీ కూడా నవ్వినట్టు చేసింది.

తిరిగి వెళ్ళే వేళకి ఆకాశం మూసుకొచ్చింది. వాన మొదలైంది, వానలో మంచు కలిసింది, చూస్తుండగానే పెద్ద పెద్ద తడి రేకులయింది. అందరూ హడావుడిగా కోట్లు బిగించుకున్నారు. దగ్గరి ఊళ్ళవాళ్ళకు ఫరవాలేదు. తూలియా మాత్రం అడవి దాటి అవతలి చర్చిలో సాయంత్రపు ఆరాధనకు చేరుకోవాలి. దుప్పులు దారికి అడ్డం వచ్చే కాలం, చీకటి పడబోతోంది. పాస్టరు మెట్ల మీద నిలబడి దారి పట్టేవాళ్ళందరి కోసం ప్రార్థన చేశాడు.

సిల్వీ వంటగది కిటికీలోంచి చూస్తోంది, చేతిలో గిన్నెలు తుడిచే గుడ్డ. వరుసలో వెలుగుతున్న పాత దీపాల మీద మంచు పడగానే నీరై కారిపోతోంది. చివరనున్న కేకు అచ్చు దీపం మాత్రం అంచు నుంచి తెల్లబడుతూ నడిమికి మూసుకుపోతోంది. ఎవరూ దాన్ని చూడటం లేదు, అందరి చూపూ ఆకాశం మీదే. తూలియా బండి ఎక్కి కూర్చుంది. వెనక నుంచి ఆమెకు తన దీపం గాజు కనబడదు. అడవిలోకి వెళ్ళాక వెలుగు తగ్గిందని తెలిసేసరికి ఆలస్యమవుతుంది.

"ఆమెన్" అన్నారు అందరూ.

సిల్వీ గుడ్డతోనే బయటికి పరిగెత్తింది. చలికోటు కూడా లేదు.

"ఆపండి! బండి ఆపండి!"

"ఏమైంది సిల్వీ?" అంది తూలియా భయంగా.

సిల్వీ దీపం గాజు మీది మంచును గుడ్డతో తుడిచేసింది. అందరూ చూస్తుండగానే అది మళ్ళీ తెల్లబడింది. ఎన్సియో దగ్గరికొచ్చి, వంగి చూసి, టోపీ తీసేశాడు.

"అయ్యో... ముందువైపు సెగే లేదు కదూ. ఇది నాకు తట్టనే లేదు. సిల్వీ, నువ్వు ముందే చెప్పి ఉంటే—"

"చెప్పాను. నవంబరులో చెప్పాను, పెరటి దీపం గురించి. చలికాలమంతా చీపురుతో దులిపాను. నువ్వు ఊఁ అన్నావు." ఊపిరి తీసుకుని, గొంతు తగ్గించింది. "ఆగస్టులో ఈ గాజు ముట్టుకున్నప్పుడు మళ్ళీ తట్టింది. అప్పుడు మాత్రం చెప్పలేదు. అది నా తప్పు."

ఎందుకు చెప్పలేదని ఎవరూ అడగలేదు. హిల్కా కూడా అడగలేదు. లోపలికి వెళ్ళి సిల్వీ కోటు తెచ్చి భుజాల మీద కప్పింది.

"సరే, బండి ఇక్కడే ఉంచుదాం. కార్లో నేను దింపొస్తాను" అన్నాడు ఎన్సియో.

సిల్వీ చెయ్యి చాచింది. "తాళాలు ఇలా ఇవ్వు. లోపల తొంభై సూపు గిన్నెలున్నాయి, వెళ్ళి కడుగు. నేను దింపొస్తాను."

అడవి దారిలో వైపర్లు తడి మంచును తోసేస్తున్నాయి. తూలియా ఒళ్ళో హెల్మెట్ పెట్టుకుని కూర్చుంది. ఆమె వేళ్ళు చలికి ఎర్రబడ్డాయి. ఎంత పొడుగు వేళ్ళో, అనుకుంది సిల్వీ, ఇప్పుడు కూడా కాస్త కుట్టినట్టయింది. అయినా హీటరు మూతిని ఆ చేతుల వైపు తిప్పింది.

"మీ షెడ్డుకి నేను మరీ ఎక్కువగా వచ్చేదాన్నేమో" అంది తూలియా. "ఇంటికెళ్తే మాట్లాడే మనిషి లేదు. మీ వంటింట్లోంచి రొట్టె కాలే వాసన వచ్చేది. ఎప్పుడైనా లోపలికి పిలుస్తావేమోనని చూసేదాన్ని."

వేసవంతా వంటింటి కిటికీలోంచి సిల్వీ షెడ్డును చూసింది. అవతలి నుంచి కూడా ఒక మనిషి ఆ కిటికీనే చూస్తోందని అనుకోలేదు.

అప్పుడే కారు వెలుగులో ఒక దుప్పి నిలబడి కనిపించింది, దారికి సరిగ్గా అడ్డంగా, గుర్రమంత ఎత్తున. సిల్వీ బ్రేకు తొక్కింది. కారు జారి ఆగింది. దుప్పి తొందర లేకుండా వాళ్ళిద్దరినీ చూసి, చెట్లలోకి వెళ్ళిపోయింది. తూలియా చెయ్యి సిల్వీ మోచేతిని పట్టుకునే ఉంది.

"ఆదివారం మా ఇంటికి రా" అంది సిల్వీ. "షెడ్డుకి కాదు, వంటింటికి. నీకు కేకు చేస్తాను."

మర్నాడు ఎన్సియో పాత కారు వెనకద్దంలో మంచు కరిగించడానికి ఉండే వేడితీగ లాంటిది ఎక్కడినుంచో సంపాదించి, బండి నుంచి ఊడదీసి తెచ్చిన తూలియా దీపం గాజు కొలత తీస్తున్నాడు. సిల్వీ వచ్చి నిచ్చెన అతడి పక్కన ఆనించింది.

"ముందు మనింటి దీపం."

ఎన్సియో ఈసారి ఊఁ అనలేదు. నిచ్చెన ఎక్కాడు. దిగాక మూలనున్న చీపురు కర్రను కాసేపు చూశాడు. పట్టిన చోట రంగు పోయి నున్నబడి ఉంది. దాన్ని తీసుకెళ్ళి కొట్టంలో పెట్టాడు.

ఆదివారం తూలియా వంటింట్లో కూర్చుంది. అచ్చు లేదు కాబట్టి కేకు పళ్ళెంలో పరిచినట్టు చదునుగా వచ్చింది. రుచి మాత్రం అమ్మ చేసినట్టే ఉంది. తూలియా ఏదో చెప్పింది, ఎన్సియో పగలబడి నవ్వాడు. ఆ నవ్వు కాస్త ఎక్కువైందనిపించింది సిల్వీకి. దేవుణ్ణి లోలోపల మన్నించమని అడిగి, తూలియాకి పెద్ద ముక్క కోసింది, మొగుడికి చిన్నది.