ఏ గీతలోనూ లేని పన్నెండడుగులు

కృపారావు గారు తెనాలి రిజిస్ట్రారాఫీసు బయట ఇరవై రెండేళ్లు దస్తావేజులు రాసిన మనిషి. భార్య దేవకుమారి గారికి డబ్లిన్ దగ్గర నేవన్ అనే ఊళ్లో నర్సు ఉద్యోగం రావడంతో ఆమె వెంట ఐర్లండు వచ్చి, ఒక వృద్ధాశ్రమం వంటగదిలో పనికి కుదిరారు. చేతిలో కలం పోయినా చూపు పోలేదు. ఎవరు భోజనానికి పిలిచినా ముందు ఇంటి కాగితాలు చూపించమనేవారు. అక్కడి తెలుగువాళ్లం మాకు అదో వేళాకోళం.

డబ్లిన్‌లో నెలకో సాఫ్ట్‌వేర్ కంపెనీ తెరుస్తున్న రోజులవి. అక్కడ ఇల్లు కొనే తాహతు లేక మావాళ్లంతా నేవన్ మీద పడ్డారు. ఊరి చివర బార్లీ పొలంలో ఇరవై ఇళ్లు లేస్తుంటే, గోడలు పూర్తికాకముందే తొమ్మిది మనవాళ్లే పట్టేశారు. ఏడో నంబరు నాది. ఎనిమిదో నంబరు మీద దేవకుమారి గారు మనసు పడ్డారు. పదకొండేళ్లు అద్దె ఇళ్ల మధ్య సామాను మోసిన ఆమెకు సొంత వంటగది అంటే ప్రాణం.

సంతకాలకు వారం ముందు కృపారావు గారు వచ్చి నా బల్ల మీద ప్లాను పరిచారు.

"బాబూ, తూర్పున ఎవరు, పడమట ఎవరు అని ఇందులో ఒక్క ముక్క లేదు. ఎర్రగీత గీసి ఊరుకున్నారు. సరేనని ఆ గీతే పట్టుకుని నడిచా. మెయిన్ రోడ్డు దగ్గర పన్నెండడుగులు ఎవరి గీతలోనూ పడట్లా. మనం లోపలికొచ్చే దారే అది. ఆ ముక్క పక్క పొలం ముసలాయనదంట."

"కాగితాలు చూసిన లాయరు అంతా గ్రాండ్, ఏ లోపమూ లేదన్నాడు అంకుల్."

"ఆయనొచ్చి నడిచాడా?"

నవ్వాను. సాయంత్రం అందరికీ చెప్పి నవ్వించాను కూడా. అది తలుచుకుంటే ఇప్పుడు నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

సంతకం పెట్టేది లేదని భార్యకు తెగేసి చెప్పిన మనిషి, శుక్రవారం వెళ్లి పెట్టొచ్చారు. ఎందుకో ఎవరికీ చెప్పలేదు.

ఇళ్లలో చేరాం. ఆయన మాత్రం రోజూ పొద్దున్నే మెయిన్ రోడ్డు దగ్గరి ఆ దారి దాకా వెళ్లి, కాసేపు నిలబడి వచ్చేవారు. చలికాలంలో పక్క పొలం ముసలాయన పోయాడు. జనవరిలో ఆయన కొడుకు ఎవరినో వెంటబెట్టుకొచ్చి ఆ దారి కొలిపించాడు. మర్నాటికి దారికి అటూ ఇటూ నాలుగు తెల్ల గూటాలు పాతి ఉన్నాయి. వీధిదీపాలకేమో అనుకున్నాం. కృపారావు గారు ఆ రోజు అన్నం ముట్టలేదట.

మార్చిలో ఒక సోమవారం పొద్దున దారికి అడ్డంగా ఇనుప గేటు, దానికి తాళం. మనిషి పట్టేంత సందు మాత్రం వదిలారు. లోపల బయటికి వెళ్లలేక పద్నాలుగు కార్లు. గార్డులు, అంటే ఇక్కడి పోలీసులు, వచ్చి, కోర్టులో తేల్చుకోండని వెళ్లిపోయారు. ఇళ్లు కట్టి అమ్మిన బిల్డర్ ఫోను కలవడం లేదు. ముసలాయన కొడుకు గేటవతల నిలబడి గొంతు పెంచకుండా చెప్పాడు: "ఇళ్ల పని అయ్యేదాకా ఈ దారి వాడుకోమని మా నాన్న బిల్డర్‌కు నోటిమాటగా ఇచ్చాడు. పని అయిపోయింది. ఈ స్థలం నేను ఎవరికీ అమ్మను."

అందరం కృపారావు గారి చుట్టూ మూగాం. ఏదో ఒకటి రాయండి అంకుల్ అని బతిమాలాను.

"ఏం రాసేది నాన్నా? అమ్మేవాడు లేకుండా దస్తావేజు ఎక్కడుంటది?"

దేవకుమారి గారు డ్యూటీ బట్టల్లోనే కారు దిగి వచ్చారు.

"మీకు ముందే తెలుసు కదండీ. తెలిసి తెలిసి సంతకం ఎందుకు పెట్టారు?"

ఆయన గేటు వైపే చూస్తూ అన్నారు: "నువ్వప్పటికే వంటగదికి కర్టెన్లు కొనుక్కొచ్చావు దేవీ."