రోములో నాన్న చెప్పులు పోయిన రోజు

మా చిన్నప్పుడు... రోములో ఒక పెద్ద దేవాలయం మెట్ల ముందు, మంచులా చల్లగా ఉన్న రాళ్ళ మీద, మా నాన్నా నేనూ వట్టికాళ్ళతో నిలబడి ఉన్నాం. నాకప్పుడు పదేళ్ళు.

అసలు రోము దాకా ఎలా వెళ్ళామో ముందు చెప్పాలి...

మా నాన్న గుంటూరు జిల్లాలో ఓ చిన్న ఊరి చర్చిలో ఉపదేశి. ఫాదర్ గారు లేని రోజుల్లో ప్రార్థన చెప్పించడం, పిల్లలకు జపాలు నేర్పడం, గంట కొట్టడం... అన్నీ ఆయనే. మా ఊళ్ళో ముప్పై ఏళ్ళు ఉన్న ఇటలీ ఫాదర్ గారు ముసలితనంలో తమ దేశం వెళ్ళిపోయారు. ఆయన ఫాదర్ అయి యాభై ఏళ్ళు నిండిన పండగకు రమ్మని అమ్మకూ నాన్నకూ టిక్కెట్లు పంపారు.

అమ్మకప్పుడు ఆరో నెల. అంతకుముందు ఇద్దరు బిడ్డలు కడుపులోనే పోయారు. మంచం దిగొద్దంది డాక్టరమ్మ. అలా అమ్మను అమ్మమ్మకు అప్పగించి, ఆమె బదులు నేను విమానం ఎక్కాను.

బయలుదేరేటప్పుడు అమ్మ నాన్న చెయ్యి పట్టుకుని ఒక్కటే అడిగింది. "అక్కడ మరియమ్మ తల్లి ముందు నా పేరున ఒక్క కొవ్వొత్తి ఎలిగించయ్యా. ఈ బిడ్డన్నా నాకు దక్కాల."

నాన్న మాటిచ్చాడు.

పండగ అయిపోయింది. ఇక ఆ సాయంత్రమే మా తిరుగు ప్రయాణం. ఫాదర్ గారు మమ్మల్ని ఆ దేవాలయం ముందు దింపి, "మీరు లోపలికి పోయి మొక్కుకొని రండి. మూడింటికి వస్తా" అని వేరే పని మీద వెళ్ళారు.

మెట్ల కింద నాన్న చెప్పులు విప్పి, ఓ పక్కన జతగా పెట్టాడు. నా బూట్లు కూడా విప్పించాడు. మా ఊళ్ళో చెప్పులతో గుడి గడప తొక్కినవాళ్ళు లేరు. ఒకసారి ఊరి ప్రెసిడెంటు గారబ్బాయి బూట్లతో వస్తే, అతను బయటికి పోయి విప్పి వచ్చేదాకా నాన్న ప్రార్థన మొదలుపెట్టలేదు.

అక్కడేమో... జనమంతా బూట్లతోనే టకటకమంటూ లోపలికి పోతున్నారు! నేను నాన్న చొక్కా పట్టుకు లాగాను.

"నాన్నా, వీళ్ళదీ మన మతమేనా?"

నాన్న ముఖం పాలిపోయింది. "అట్టా చూడమాక. మన పని మనం చూసుకుందాం."

అరగంట వరుసలో నిలబడి తలుపు దాకా చేరాం. అక్కడి కావలి మనిషి మా పాదాలు చూసి తల అడ్డంగా ఊపాడు. నాన్న దణ్ణం పెట్టాడు. మెడలోంచి జపమాల తీసి చూపించాడు. ఉహూఁ... ఆ మనిషి వేలితో బయటికి చూపించాడు. దేవుడి ఇంట్లోకి వట్టికాళ్ళతో రాకూడదట! మమ్మల్ని అడుక్కునేవాళ్ళు అనుకున్నాడని చాలా ఏళ్ళకు గాని నాకు అర్థం కాలేదు.

సరే, వేసుకునే వద్దామని కిందికి వస్తే... చెప్పులు లేవు. నా బూట్లూ లేవు. వీధి ఊడ్చే బండి ఒకటి మూల తిరిగి వెళ్ళిపోతోంది.

నాన్న మెట్ల మీద కూలబడ్డాడు. అప్పటికే రెండు దాటింది.

"మీ అమ్మకేం చెప్పాలే?" అన్నాడు.

ఊరందరికీ ధైర్యం చెప్పే మనిషి... పదేళ్ళదాన్ని నన్ను అడిగాడు.

మెట్ల పక్కన ఒక ముసలామె పీట వేసుకుని కొవ్వొత్తులు అమ్ముతోంది. అంతా చూసినట్టుంది. తన కాళ్ళకున్న చెప్పులు విప్పి నాన్న ముందుకు తోసింది. ఉన్నితో చేసినవి, పైన ఎర్ర కుచ్చులు. పో, పో అన్నట్టు చెయ్యి ఊపి, తన పాదాలకు శాలువా చుట్టుకుంది.

నాన్న వాటిని చూస్తూ ఉండిపోయాడు. ఆడవాళ్ళవని కాదు... బుద్ధెరిగాక ఆయన ఎన్నడూ చెప్పులతో గుడిలో అడుగు పెట్టలేదు.

చివరికి వేసుకున్నాడు. మడమలు సగం బయటే. నన్ను చంకనెత్తుకుని మెట్లెక్కాడు. కావలి మనిషి నవ్వు ఆపుకుంటూ పక్కకు జరిగాడు.

లోపల ఆ బంగారం, ఆ బొమ్మలు... నాకేమీ గుర్తులేవు. మరియమ్మ తల్లి ముందు కొవ్వొత్తి వెలిగించి నాన్న మోకరించాడు. వెనక నిలబడ్డ నాకు ఆ చెప్పుల అడుగులు కనిపిస్తున్నాయి. "క్షమించు తల్లీ, క్షమించు..." ఆ మాటే వినిపించింది. అమ్మ సంగతి అడిగాడో లేదో నాకు తెలియదు. ఈ తప్పుకు బిడ్డ ఏమైపోతుందోనని నా ప్రాణం గిలగిలలాడింది.

మూడింటికి ఫాదర్ గారు వచ్చారు.

"ఏందయ్యా ఉపదేశీ, ఆడోళ్ళ చెప్పులేసుకున్నావ్?"

జరిగింది విని నుదురు కొట్టుకున్నారు. "ఓరి నాయనో! ఇక్కడ ఏసుకొనే పోతారని చెప్పడం మరిచానయ్యా. మీ ఊళ్ళో ఉండీ ఉండీ నాకే గుర్తు లేకుండా పోయింది!"

నాన్న నవ్వలేదు. ముసలామె చెప్పులు ఆమెకు ఇచ్చి చేతులు జోడించాడు. ఫాదర్ గారి పాత బూట్లతో విమానం ఎక్కాడు. "మీ అమ్మకు చెప్పమాక" అన్నాడు నా చెవిలో.

మూడు నెలలు ఇద్దరం భయంతోనే బతికాం. అమ్మకు నొప్పులొచ్చిన రోజు ఆస్పత్రి వరండాలో నాన్న జపమాల తిప్పుతూనే ఉన్నాడు. లోపలినుంచి ఏడుపు వినిపించింది... చెల్లి! నాన్న గోడకు జారబడి, నా వైపు చూసి మెల్లగా అన్నాడు.

"చెప్పులతో పోయినా ఆ తల్లి ఇన్నదే, అమ్మాయ్..."

మొన్న ఇక్కడ విదేశంలో, మేముంటున్న స్కోఫీల్డ్స్‌లో మా అమ్మాయికి ఇదంతా చెబితే, "సీరియస్లీ మమ్? తాతయ్య లేడీస్ స్లిప్పర్స్‌లోనా? నో వే!" అని పడీ పడీ నవ్వింది. నేనూ నవ్వాను. తర్వాత నా కాళ్ళ వంక చూసుకుని ఉలిక్కిపడ్డాను. ఇక్కడి చర్చికి నేనూ ఇన్నేళ్ళుగా బూట్లతోనే వెళ్తున్నాను. అయ్యో అని ఒక్క ఆదివారమైనా అనిపించలేదు. ఎప్పుడు పోయిందో ఆ భయం... నాకే తెలియలేదు.

మీకూ అలా తెలియకుండా జారిపోయినది ఏదైనా ఉందా? ఉంటే కింద రాయండమ్మా... చదువుకుంటాను.