ఆడి పద్దెనిమిదికి డ్యాములో స్నానం

కావేరిలో వరద ఎక్కువై హొగేనకల్లు జలపాతం దగ్గర స్నానాలు ఆపేశారు గనుక ఈసారి మేం దగ్గరలోని డ్యాముకు బయలుదేరాం. తమిళుల ఆడి నెల పద్దెనిమిదో నాడు కొత్త పెళ్ళికూతురు పారే నీళ్ళలో స్నానం చేసి తాళిదారం మార్చుకోవడం మా తెలుగిళ్ళలోనూ ఉంది. మనవరాలు సుమతికి ఇది మొదటి ఆడి. ఆమెతో భర్త ప్రకాశ్, నా భార్య, నేను.

ఉదయం ఏడింటికి పాలకోడులో టౌన్ బస్సు ఎక్కాం. ఆడవాళ్ళకు టికెట్ లేదు, మగవాళ్ళకు సీటు లేదు. ఖాళీ టమాటా గంపల మధ్య నిలబడ్డాం.

"తాతా, నేను బెంగళూరు స్విమ్మింగ్ పూల్లో ఈత నేర్చినాను. డ్యాములో ఆ దరికి పోయి వస్తా చూడు," అన్నాడు ప్రకాశ్.

"పో నాయనా. అది కట్టేటప్పుడు మట్టి మోసినోణ్ణి నేను. ఒడ్డు పళ్ళెం మాదిరి ఉంటుంది," అన్నాను.

పక్క సీటులో ఉన్న రాజమ్మ అనే ఆవిడ నవ్వేసింది. డ్యాము కింద ఆమెకు పొలం ఉందట. "ఏ కాలం మాట తాతా! ఎండల్లో నీళ్ళు ఇంకినప్పుడు మేమంతా ట్రాక్టర్లు పెట్టి ఒండ్రుమట్టి తోలుకున్నాం. మా టెంకాయ చెట్లకు నేనూ తోలించినాను. ఆ గుంతలన్నీ ఇప్పుడు నీళ్ళ కింద ఉండాయి."

"ఎక్కడెక్కడ?" అన్నాను.

"ఎవరికి తెలుసు? దొరికిన చోటల్లా తవ్వినారు."

ఎనిమిదిన్నరకు దిగాం. స్నానం చేయరాదని గట్టు మీద తమిళంలో బోర్డు ఉంది. దాని కిందే జనం బట్టలు విప్పి నీళ్ళలోకి దిగుతున్నారు. వద్దని రాయడానికి రంగు దొరికింది గానీ, గుంత దగ్గర ఒక కర్ర పాతడానికి ఎవరికీ చేతులు రాలేదు! ఒడ్డు పొడుగునా పచ్చటి పాచి రంగు కలిపినట్టు తేలుతోంది. అందులో వాడిన దండలు, ప్లాస్టిక్ కవర్లు. చెయ్యి ముంచితే కుళ్ళు వాసన. వెళ్ళేవాళ్ళకు చెబుతున్నాను, అలాంటి నీళ్ళు నోట్లోకి పోనీయకండి, పిల్లల్ని అసలు దించకండి.

"దారం మార్చకుండా పోతే అత్త ఏమంటుందో తాతా," అని సుమతి కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ప్రకాశ్ అప్పటికే చొక్కా విప్పాడు.

"ఆగు నాయనా," అని చెరుకురసం బండి దగ్గర పొడుగాటి గడ ఒకటి అడిగి తెచ్చాను. పాచి లేని చోట చూసి మోకాలి లోతు దాకా దిగి, అడుగు వేయబోయే చోట గడ దించాను. గడ మొత్తం మునిగింది. దాని వెంట నా చెయ్యి భుజం దాకా పోయింది. నేల తగల్లేదు.

ప్రకాశ్ చొక్కా తొడుక్కున్నాడు.

"పళ్ళెమంటివే?" అంది నా భార్య.

"పళ్ళేన్ని పగలగొట్టినారు కదే!"

గట్టు మీద నిలబడి చూస్తున్న రాజమ్మ సుమతి చెయ్యి పట్టుకుంది. "మా మోటారు నీళ్ళూ పారేవే కదా తల్లీ. రా." ఆమె పొలంలో కాలువలోకి దూకే చల్లటి బావినీళ్ళ కింద సుమతి పసుపు రాసుకుని తలస్నానం చేసింది. నా భార్య కొత్త దారం కట్టింది. ప్రకాశ్ ఈత ఆ గొట్టం కింద తల పెట్టడంతో ముగిసింది.

తిరుగు బస్సుకు ముందు డ్యాము దగ్గరికి మళ్ళీ పోయి, ఆ గుంత అంచున చెరుకుగడ గుచ్చి, తలకు చుట్టుకున్న నా ఎర్ర తుండు దానికి కట్టాను. నీళ్ళలో ఉన్నవాళ్ళను కేకేసి చూపించాను. కొందరు నవ్వారు గానీ, అందరూ ఇవతలికి జరిగారు.

మధ్యాహ్నం బస్సులో నెత్తి కాలిపోతోంది. "తుండు లేకుండా నిన్ను ఎప్పుడన్నా చూసినానా!" అని నా భార్య కొంగు నా తల మీదికి లాగింది. కిటికీలోంచి చూశాను. పిల్లలు ఎర్రగుడ్డకు ఇవతలే ఆడుతున్నారు. మనసు కుదుటపడాలి, పడలేదు. ఆ నీళ్ళ కింద గుంతలెన్నో. నా దగ్గరున్నది ఒక్క తుండు.