కుప్పంలో తెరుచుకోని అడ్రసు

ఇప్పటికీ తలుచుకుంటే ఒళ్లు మండుతుంది. రెండువేల దశకం చివర్లో మదనపల్లెలో నాకు నెట్ సెంటర్ ఉండేది. పుంగనూరులో మా పెద్దనాయనకు మేలుజాతి పొట్టి ఆవొకటి ఉండేది. దానికి వయసు మీరుతోంది. అదే జాతి కోడె దొరికితే ఒక్క దూడనైనా కళ్లచూడాలని ఆయన ఆశ. ఫోన్ నంబరు వేస్తే దళారులు మీద పడతారని, కోడెలున్న రైతులు దగ్గర్లోని నెట్ సెంటర్‌కు పోయి నేరుగా రాయించుకునేలా నేనొక వెబ్‌సైట్ పెట్టాను. చదివేది రైతులు గదా అని అడ్రసు కూడా తెలుగులోనే. పశువుల ఆసుపత్రుల గోడలకు ఆ అడ్రసున్న కాగితాలు అంటించాను.

ఆ అడ్రసులో ఒక పాత అక్షరం ఉంది. కంప్యూటర్లలో ఏ భాష అక్షరానికైనా చోటిచ్చే యూనికోడ్ వాళ్లు దాన్ని తమ పట్టికలో ఆలస్యంగా చేర్చారు. కొత్త పట్టిక ఉన్న కంప్యూటర్లు అడ్రసును గుర్తుపట్టేవి, పాతవి అలాంటి అడ్రసే లేదనేవి. మన తాతలు రాసిన అక్షరం వీళ్ల గడప దగ్గర నిలబడి పిలుపు కోసం ఎదురుచూడాలా?

కుప్పంలో తెరుచుకోవడం లేదని కబురొస్తే బస్సెక్కి పోయాను. అక్కడి నెట్ సెంటర్ నిండా బెంగళూరు ఆఫీసులు వదిలించుకున్న కంప్యూటర్లే. అన్నింటిలోనూ కొత్త పట్టిక ఉన్న బ్రౌజర్ వేశాను. అడ్రసు తెరుచుకుంది. "సూడప్పా, బెమ్మాండంగా వస్తాండాది" అని ఓనరు టీ తాగించాడు.

కొన్నాళ్లకు మళ్లీ పోయి చూస్తే తెరుచుకోలేదు.

"నేనేం సేసేదప్పా? పిల్లోళ్లు సెడగొడతారని మిషన్లకు ఫ్రీజ్ ఏసినా. కరెంటు పోయి వస్తే కొత్తగా ఏసిందంతా పోయి మళ్లా పాతదే వస్తాది" అన్నాడు తాపీగా.

"ఆ పొద్దు చెప్పడానికి నీ నోరు పడిపోయిందా?"

"నువ్వు అడగలేదు గదప్పా. ఆఁ, మొన్న ఒక రైతు వచ్చినాడు, పొట్టి కోడె ఉండాదని. అట్లాంటి అడ్రసే లేదని పంపించేసినా."

వాడి చొక్కా పట్టుకోబోయి ఆగాను. రైతుది ఏ ఊరో అడిగి పరుగెత్తాను. కొట్టంలో గుంజకు తాడొకటే వేలాడుతోంది.

"మేపలేకపోతి నాయనా" అన్నాడు రైతు. "అడిగేవాళ్లెవురూ లేరంటిరి. సంతలో కోతకు ఇచ్చేసినా."

పుంగనూరు పోయేసరికి పెద్దనాయన ఆవుకు నీళ్లు పోస్తున్నాడు. జరిగిందంతా చెప్పాను. ఆ కంప్యూటర్లను, ఆ పట్టికను, ఆ ఓనరును నోటికొచ్చినట్టు తిట్టాను. ఆయన ఆవు మెడ నిమురుతూ అంతా విన్నాడు.

"ఆ కాగితాలు పీకేయ్‌రా" అన్నాడు. "ఇంకెవురన్నా నమ్మి పోతారు."