పారిస్ మీదుగా నార్త్ యార్క్

మొన్న ఆదివారం చర్చి నుంచి వచ్చి బూట్లు విప్పుతుండగా ఫోన్ మోగింది. మా అమ్మాయి యూనివర్సిటీ స్నేహితులతో కలిసి యూరప్ వెళ్లి పది రోజులైంది. ఏదో నది ఒడ్డున నిలబడి తీయించుకున్న ఫోటో పంపింది. వెనక వంతెన, వంతెన మీద ఎర్ర బస్సు. కింద ఒకే ముక్క రాసింది: "మమ్మీ, ఈసారి అసలు థేమ్స్." మా ఆయన కళ్లజోడు సర్దుకుని చదివి, "అసలు థేమ్స్ ఏంటి? నకిలీది కూడా ఉందా?" అని అడిగారు. ఉంది. కెనడాలో, ఒంటారియో రాష్ట్రంలో ఉంది. దాని ఒడ్డున నేనూ అమ్మాయీ కొన్నేళ్ల కిందట మార్చి నెలలో సరిగ్గా పదకొండు నిమిషాలు నిలబడ్డాం. ఆ రోజు సంగతి మేమిద్దరం ఆయనకు ఇప్పటిదాకా పూర్తిగా చెప్పలేదు.

నేను స్టూడెంట్ వీసా మీద ఆ రాష్ట్రంలోనే సార్నియా అనే ఊరికి వచ్చేసరికి నాకు నలభై ఒకటో ఏడు. కాకినాడలో ఒక ఆసుపత్రి ల్యాబ్‌లో పదిహేనేళ్లు పనిచేసినదాన్ని, మళ్లీ పుస్తకాల సంచీ తగిలించుకుని కెమికల్ ల్యాబ్ కోర్సులో చేరాను. మన పిల్లలు ఆ కాలేజీకి గుంపులు గుంపులుగా దిగుతున్న రోజులవి. మొదటి రోజు నేను క్లాసులో అడుగుపెట్టగానే టీచరనుకుని ఇద్దరు లేచి నిలబడ్డారు. సంగతి తెలిశాక అందరికీ ఆంటీనయ్యాను. మా ఇంటి కింద బేస్‌మెంట్‌లో ఉండే వరంగల్ అమ్మాయి, "మీరు ముందు బెంచీల కూసుంటే సారు మమ్మల్ని ఏం అడుగుతలేడు ఆంటీ, మంచిగుంది" అనేది. మా అమ్మాయికి అప్పుడు పదకొండేళ్లు. నాతోనే వచ్చి అక్కడి బడిలో చేరింది. ఆయనా ఆరు నెలల్లో రావాల్సిందే. వీసా రిఫ్యూజ్ అయింది. ఆరు నెలలు రెండేళ్లయ్యాయి.

కోర్సు అయిపోయింది, నాకు వర్క్ పర్మిట్ వచ్చింది, కాని దొరికిన పని మాత్రం కాఫీ షాపు కౌంటర్ దగ్గర. నా చదువుకు తగిన ఉద్యోగం దొరికి, ఆ కంపెనీ లెటర్ ఇస్తేనే ఆయనకు మళ్లీ అప్లై చేసుకోవచ్చని వీసా కన్సల్టెంట్ చెప్పాడు. మూడు చోట్ల ఇంటర్వ్యూలకు వెళ్లాను. వెళ్లిన ప్రతిసారీ అమ్మాయికి చెప్పాను, అది వెంటనే వాళ్ల డాడీకి చెప్పింది. మొదటిసారి ఉత్సాహంగా అల్మారాలో ఒక వైపంతా డాడీ చొక్కాలకని ఖాళీ చేసి పెట్టింది. మూడోసారి కూడా ఉద్యోగం రాలేదని తెలిసిన రోజు తన స్వెటర్లు మళ్లీ అక్కడే మడతపెట్టుకుంది. అది చూశాక, ఇంకోసారి ఇంటర్వ్యూ వస్తే దీనికి చెప్పకూడదని నిశ్చయించుకున్నాను.

నాలుగోది వచ్చింది. టొరంటోలో నార్త్ యార్క్ అనే చోట ఒక పెయింట్ల కంపెనీ క్వాలిటీ ల్యాబ్. సోమవారం మధ్యాహ్నం మూడు గంటలకు రమ్మన్నారు. ఆ వారమే బడికి మార్చి సెలవులు. పిల్లను ఒంటరిగా ఇంట్లో వదిలి వెళ్లలేను, ఎందుకు వెళ్తున్నానో చెప్పలేను. అది చిన్నప్పుడు వాళ్ల డాడీ అట్లాస్ ముందు కూర్చోబెట్టుకుని, పెద్దయ్యాక యూరప్ అంతా కారులో తిప్పుతానని మాట ఇచ్చేవారు. మా దారిలో లండన్ అనే ఊరు ఉంది, కాస్త పక్కకు తిరిగితే పారిస్ కూడా ఉంది. "యూరప్ చూసుకుంటూ టొరంటో వెళ్దామా?" అన్నాను. పదమూడేళ్ల పిల్ల, అలాంటి మాటలకు నవ్వే వయసు దాటుతోంది, అయినా నవ్వింది. ఎన్ని కిలోమీటర్లో, ఎక్కడ ఆగాలో కాగితం మీద రాసుకుంది. ఫోన్ చేతిలో పట్టుకుని దారి చెప్పే పని తనదని ప్రకటించింది. నా ఇంటర్వ్యూ కోటునూ సర్టిఫికెట్ల ఫైలునూ దుప్పటిలో చుట్టి వెనక సీటు కింద పెట్టాను.

పొద్దున ఎనిమిదిన్నరకు బయలుదేరాం. మంచు పడీ పడనట్టు ఉంది. మంచు కరగాలని రోడ్ల మీద ఉప్పు చల్లుతారు; ముందు వెళ్లే లారీలు చిమ్మిన ఆ ఉప్పునీళ్లకు అరగంటలో అద్దం తెల్లగా పేరుకుపోయింది. నీళ్లు చిమ్మే మీట లాగితే ఖాళీ శబ్దం వచ్చింది. అద్దం మూలన అరచేతంత జాగాలోంచి చూస్తూ, మెడ వంచుకుని, దేవుణ్ణి తలుచుకుంటూ ఎలాగో ఒక పెట్రోలు బంకు చేరాను. వాషర్ నీళ్ల డబ్బా కొన్నాను గాని, బానెట్ తెరవడం రాలేదు. ఇద్దరం మార్చి మార్చి లాగాం. చివరికి ట్రాక్టర్ బొమ్మ ఉన్న టోపీ పెట్టుకున్న ముసలాయన ఒకరు వచ్చి ఒక్క వేలితో తెరిచి, మా ఇద్దరి ముఖాలూ చూసి, నీళ్లు కూడా పోసి వెళ్లాడు. అక్కడ ముప్పావు గంట పోయింది. అప్పటినుంచి నా కళ్లు రోడ్డు మీద ఎంతసేపున్నాయో గడియారం మీదా అంతసేపే ఉన్నాయి.

లండన్‌లో పార్కింగ్ మెషీన్ నా కార్డు మింగనంది, పది నిమిషాలు సతాయించి తీసుకుంది. అక్కడి థేమ్స్ నది దగ్గరికి వెళ్తే గోధుమరంగు మంచు ముక్కలు కదలకుండా పడి ఉన్నాయి. అమ్మాయి రెయిలింగ్ పట్టుకుని అటూ ఇటూ చూసింది. "ఇంతేనా?" అంది. ఇంకో వంతెన దాకా నడుద్దామంది. టైమ్ లేదన్నాను. "సెలవులే కదా మమ్మీ, టైమ్ ఎందుకు లేదు?" అని అడిగింది. చలిగా ఉందన్నాను.

పారిస్‌లో నది ఒడ్డున ఒక బేకరీ ఉందని అది ముందే వెతికి పెట్టుకుంది. సోమవారం సెలవని తలుపు మీద కాగితం అంటించి ఉంది. కారులోనే కూర్చుని, నేను కట్టి తెచ్చిన పులిహోర చల్లారి గడ్డకట్టినా అదే తిన్నాం. నేను రెండు ముద్దలు తిని తాళం తిప్పబోతుంటే, ఒక చేతి గ్లోవ్ కనిపించడం లేదని అది వెనక్కి వంగి సీటు కింద చెయ్యి పెట్టింది. దుప్పటి లాగింది. కోటు వచ్చింది, ఫైలు వచ్చింది, ఫైలు మీద క్లిప్పు పెట్టిన కంపెనీ ఈమెయిలు వచ్చింది. చదివింది.

మా అమ్మాయికి కోపం వస్తే ఇంగ్లీషులోకి మారుతుంది. కిందికి దిగి, వెనక సీట్లో కూర్చుని, తలుపు వేసుకుంది. "తల్లీ, మళ్లీ రాకపోతే నువ్వు బాధపడతావని" అని మొదలుపెట్టాను. "సో దిస్ వాజ్ నెవర్ ఫర్ మీ" అంది, కిటికీలోంచి బయటికి చూస్తూ. అంతే. దారి చెప్పే ఫోన్ దాని దగ్గరే ఉంది. అడగడానికి నాకు అహం అడ్డొచ్చింది, చెప్పడానికి దానికి.

బోర్డులు చూసుకుంటూ నడపగలననుకున్నాను. టొరంటో దగ్గరికొచ్చేసరికి మేం వస్తున్న 401 హైవే రెండు రోడ్లుగా చీలింది. ఎగ్జిట్లున్న పక్కకు వెళ్లాల్సింది, లారీలు తోసుకొస్తుంటే భయపడి, ఎగ్జిట్లు లేని ఎక్స్‌ప్రెస్ లైన్లలోకి వెళ్లిపోయాను. అటువైపు మారే దారులు వచ్చాయి. ప్రతిసారీ నా కుడి పక్కన ఒక లారీ ఉంది. నేను దిగాల్సిన యంగ్ స్ట్రీట్ గోడ అవతల కనిపించి వెనక్కి పోయింది. "యూ మిస్డ్ ఇట్" అని వెనకనుంచి చిన్నగా వినిపించింది. గొంతులో కోపం లేదు, భయం ఉంది. ఆ తర్వాత వచ్చిన దారి కూడా దాటిపోయాను. లైన్లన్నీ కలిసి మామూలు రోడ్డయ్యేసరికి టొరంటో దాటి ఏజాక్స్ అనే ఊరు వచ్చింది. ఒక ప్లాజా పార్కింగ్‌లో కారు ఆపాను. మూడుకు పది నిమిషాలుంది. వెనక్కి వెళ్లాలంటే ముప్పావు గంట.

స్టీరింగ్ మీద తల పెట్టుకున్నాను. ఏడుపు కూడా రాలేదు. కాసేపటికి ముందు సీట్ల మధ్యలోంచి ఫోన్ పట్టుకున్న చెయ్యి వచ్చింది. ఈమెయిలులో ఉన్న నంబరు అప్పటికే నొక్కి ఉంది. "మాట్లాడు" అంది.

అవతల ఒకావిడ. దారి తప్పానని ఉన్నమాట చెప్పాను. ఆవిడ మూడున్నర దాకా తనకు తీరిక ఉందనీ ఫోన్‌లోనే మాట్లాడదామనీ అంది. నేను ఏదో అనేలోపే వెనక తలుపు తెరుచుకుంది. చప్పుడు చేయకూడదని కాబోలు, అమ్మాయి దిగి, తలుపు నెమ్మదిగా నొక్కి, కారు ముందుకు వెళ్లి నిలబడింది.

మొదటి రెండు ప్రశ్నలకు బాగానే చెప్పాను. మూడోది అడుగుతుండగా పక్క షాపుకు సరుకు తెచ్చిన లారీ వెనక్కి నడుస్తూ కీ కీ మని మోత మొదలుపెట్టింది. ఆవిడ ప్రశ్న నాకు వినిపించలేదు, మళ్లీ అడిగింది, మళ్లీ వినిపించలేదు. అద్దంలోంచి చూస్తున్నాను. మా అమ్మాయి మంచు తొక్కుకుంటూ లారీ దగ్గరికి పరుగెత్తింది. ఒక చేతికే గ్లోవ్ ఉంది. రెండో చెయ్యి చొక్కా చేతిలోకి లాక్కుని, తల పైకెత్తి డ్రైవర్‌తో ఏదో చెప్పింది, నా కారు వైపు చూపించింది. మోత ఆగింది. డ్రైవర్ ఇంజన్ కూడా ఆపేసి, చేతులు కట్టుకుని కూర్చున్నాడు. ఇరవై నిమిషాలు ఆ పిల్ల ఆ లారీకీ నా కారుకూ మధ్య కాపలా ఉన్నట్టు నిలబడింది. నాకు అంతకు ముందు ఏ ఇంటర్వ్యూలోనూ అంత స్పష్టంగా మాటలు రాలేదు.

ఫోన్ పెట్టేశాక లోపలికి వచ్చి ముందు సీట్లో కూర్చుంది. చెవులు ఎర్రబడి ఉన్నాయి. రెండు చేతులూ నా చేతుల్లో పెట్టుకుని రుద్దాను.

"డ్రైవర్‌కి ఏం చెప్పావ్?"

"మా మమ్మీకి జాబ్ వస్తోంది, ప్లీజ్ ఆగండి అని."

"ఇంకా రాలేదు కదమ్మా."

"తెలుసు." వేళ్లు హీటర్ గాలికి పెట్టింది. "రాకపోయినా చెప్పు మమ్మీ. డాడీకి నేను చెప్పనులే. నాకు మాత్రం చెప్పు."

సరేనన్నాను. ఆ ఊళ్లో పనేమీ లేకపోయినా ఇద్దరం ఆ ప్లాజాలో వేడి చాక్లెట్ తాగి, వెనక్కి అంత దూరమూ సార్నియా వచ్చాం. ఈసారి ప్రతి మలుపూ అర కిలోమీటరు ముందే చెప్పింది.

ఆ ఉద్యోగం రాలేదు. ఆ సంగతి మొదట విన్నది అదే. వంటింట్లో నా పక్కన నిలబడి ఈమెయిలు చదివి, "వాళ్ల లాస్" అని ఉల్లిపాయలు తరగడానికి కూర్చుంది. జూలైలో ఇంకో ల్యాబ్‌లో వచ్చింది. లెటర్ వెళ్లింది, వీసా వచ్చింది, నవంబరు మొదట్లో ఆయన దిగారు. ఎయిర్‌పోర్టులో తోపుడుబండి మీద మూడు పెట్టెలతో బయటికి వస్తూ నన్ను చూశారు. వెంటనే ఆయన చూపు నా పక్కన కిందికి, నా మోచేతి ఎత్తుకు దిగి వెతికింది. ప్రతి ఆదివారం వీడియో కాల్‌లో చూసిన ముఖమే, కాని ఫోన్‌లో ముఖం కనిపిస్తుంది గాని ఎత్తు కనిపించదు. అమ్మాయి నా పక్కనే, నా చెవి దాటి పొడుగ్గా నిలబడి, "డాడీ, ఇక్కడ" అంది. ఎంతకీ కదలడం లేదని నేను అన్నాళ్లు విసుక్కున్న కాలం ఎక్కడికి నడిచి వెళ్లిందో, ఆయన తలెత్తి దాని ముఖం వెతుక్కున్న ఆ అర నిమిషంలో నాకు కనిపించింది.