ఎడం పక్క సైకిళ్ళకు

మా ఎదురింటి డ్రిల్లు మాస్టారు పోయారని తెలిసేటప్పటికి నేను ఆయన మీద కోపంగానే ఉన్నాను. ధనుర్మాసానికని కొనిపెట్టుకున్న ముగ్గు డబ్బా కనపడలేదు. అది ఎవరింట్లో ఉంటుందో మా వీధిలో అందరికీ తెలుసు. అడిగేద్దామని గేటు తీశాను. ఎదురుగా వాళ్ళావిడ తమ గేటు ఊచ పట్టుకుని నిలబడి ఉన్నారు. "రాత్రి నిద్రలోనే పోయారండీ, టీచరుగారూ," అన్నారు. లోపలికి వెళ్ళాను. వరండాలో సైకిలు, దాని పక్కన నా డబ్బా. మూత లేదు. ఆ రోజు దాని మాట ఎత్తలేదు.

నేను హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరైన మనిషిని. తీసిన వస్తువు తీసిన చోట పెట్టాలి, ఎంత తీశారో అంత తిరిగి రావాలి. మాస్టారు నాకు పూర్తిగా ఎదురు. వస్తువు ఎక్కడ అవసరమో అక్కడ ఉండాలంటారు. మా పెరటి ఈనెల చీపురు కొల్లేరు రోడ్డు మీద అవసరం. ఎందుకంటే అక్కడ ఎవరో లారీవాడు కంకర ఒలకబోసి వెళ్ళాడు, ఆ దారిన మా మనవరాలు సైకిలు తొక్కాలి. "చీపురు అరిగిపోయింది మాస్టారూ," అని నేనంటే, "రోడ్డు బాగుపడిందండీ," అనేవారు. ఈ మనిషితో ఏం వాదిస్తాం?

ఆయన బడిలో డ్రిల్లు చెప్పారు, రిటైరయ్యాక పిల్లలకు పందెపు సైకిళ్ళు నేర్పారు. ఆ సైకిలు టైరు బొటనవేలంత ఉంటుంది. మనం బస్సులో కూర్చుని గమనించని బీట, దాని మీద వెళ్ళే పిల్లను మోచేతుల మీద పడేస్తుంది. అందుకని మాస్టారు ఎక్కడికి వెళ్ళినా కింద చూసే నడిచేవారు. పెళ్ళికి వెళ్ళొస్తే వంటల సంగతి చెప్పరు. తాడేపల్లిగూడెం నుంచి భీమడోలు దాకా తారు ఎక్కడెక్కడ లేచిందో చెబుతారు. గుంతలకు గిన్నెల పేర్లు పెట్టారు. చిన్నది గరిటె, వెడల్పుది పళ్ళెం, లోతుది గంగాళం.

"అంగుళాల్లో చెప్పండి మాస్టారూ, అందరికీ అర్థమవుతుంది," అని ఎన్నిసార్లు అన్నానో.

"అంగుళాలు చెబితే పిల్లలు బ్రేకు వెయ్యరండీ. గంగాళం అంటే వేస్తారు."

మా మనవరాలితో ఆయన ఎప్పుడూ అనే మాట ఒకటుంది. "చక్రానికి కళ్ళుండవమ్మా. నీవి అప్పివ్వాలి." నిజానికి ఆ పిల్లకు నేను చెప్పిన ఎక్కాలకంటే ఇదే బాగా గుర్తుంది. అది నాకు ఇప్పటికీ కష్టంగానే ఉంది.

ఆయన ఫోనులో పై దేశాల పందేలు చూసేవారు. ఒకసారి మా వరండాకు పరిగెత్తుకొచ్చి, "చూడండి టీచరుగారూ, ఇక్కడ కావాలని రాళ్ళు పరిచిన దారిలో పెడతారట పందెం! దానికి లోకమంతా వస్తారట!" అన్నారు.

"మనకు కావాలని పరచక్కర్లేదు. మీ పని తేలిక," అన్నాను. ఆయన నవ్వారు. నేను నవ్వడానికి చెప్పలేదు.

ఈ ఏడాది జీతానికి తొక్కే జట్ల పందెం మా వైపు వస్తుందన్నారు. తాడేపల్లిగూడెంలో మొదలై, ఏలూరు మీదుగా కొల్లేరు దాటి కైకలూరు దాకా. ఆడపిల్లల పందెం కూడా ఉంది. మా మనవరాలిని ఒక జట్టువాళ్ళు చూస్తున్నారు. ఈ పందెంలో బాగా తొక్కితే తీసుకుంటామన్నారు. అయితే నిర్వాహకులు ముందు రోడ్డు చూస్తారు. కొల్లేరు దారి నచ్చకపోతే ఆ ముక్క కోసేసి, హైవే మీదే అటూ ఇటూ తిప్పుతారు. హైవే మీద ఒంటిబలం ఉన్నవాళ్ళదే పందెం. మా పిల్ల బక్కది. దానికి చేతనైనదల్లా ఈ నల్లమట్టి మీద కుంగి అలల్లా లేచే రోడ్డును చదువుకుంటూ పోవడం. అంటే ఆ దారి ఉంటే దానికి ఉద్యోగం, లేకపోతే లేదు.

పందెం పెట్టినవాళ్ళు చల్లగా ఉంటుందని డిసెంబరు ఎంచుకున్నారు. చాలా తెలివి! డిసెంబరులో సార్వా వరి కోతలని వాళ్ళకెవరూ చెప్పలేదు. కోతలైతే ధాన్యం ఆరేది రోడ్డు మీదే. మా వైపు చదునుగా, పొడిగా ఉండే చోటు ఇంకెక్కడుంది? ఒక పక్క చేపల చెరువు, ఒక పక్క కాలవ. సన్నటి టైరు కింద ధాన్యపు గింజలు గోలీల్లా దొర్లుతాయి. పోలీసులకు చెప్పి తీయించమని నేనే అన్నాను.

"తప్పండీ. అది వాళ్ళ కళ్ళం. కళ్ళంలోకి మనం వెళ్తున్నాం, అడిగి వెళ్ళాలి," అన్నారు మాస్టారు.

అడగడానికి నన్ను కూడా ఆటోలో తీసుకెళ్ళారు, టీచరుంటే మర్యాదగా ఉంటుందని. పెద్ద రాశి ముందు నడుము మీద చెయ్యి వేసుకుని ఒకావిడ నిలబడింది. ఆ వరసలో అందరూ ఆవిడ మాటే వింటారు.

"సగం రోడ్డు ఇవ్వమ్మా. ఎడం పక్క సైకిళ్ళకు, కుడి పక్క ధాన్యానికి," అన్నారు మాస్టారు.

"రోడ్డేమన్నా మీ అత్తారిచ్చారా మాస్టారూ, వాటాలు వేస్తున్నారు?"

"మా అత్తారిచ్చిందైతే ఇన్ని గంగాళాలు ఉండేవా తల్లీ? గిన్నెలన్నీ ముందే అడిగి తీసుకునేవాణ్ణి."

ఆవిడ నవ్వేసింది. "మరి మంచు పడి తేమ ఎక్కితే, మిల్లువాడికి మీరు చెబుతారా?"

"పందెం నాడు మాత్రం కుప్ప చేసి బరకం కప్పండి. సైకిళ్ళు దాటగానే రోడ్డంతా మీదే. నా సగం కూడా తీసుకోండి."

ఒప్పుకున్నారు. ఒప్పుకున్నవాళ్ళు మాట తప్పలేదు కూడా. వారం తిరక్కుండా పిల్లల చేత మాస్టారు ఒకసారి ఆ దారి తొక్కించారు. ఎడం పక్క ఒక్క గింజ లేదు. ధాన్యం అంచున పెట్టిన రాళ్ళు మాత్రం వరసగా ఎక్కడివక్కడే ఉన్నాయి. మా మనవరాలు ఒకదాని అంచు తగిలి, పడబోయి, కాలవ గట్టు మీద ఆగింది.

"ధాన్యం తియ్యమన్నారు, తీశాం. రాళ్ళు తీస్తే ఎలాగండీ?" అంది ఆవిడ, మాకు బుద్ధి లేదన్నట్టు. ఆ రాళ్ళు బళ్ళు ఎక్కకుండా పెట్టినవని అనుకున్నాం. అవి చోటుకు గుర్తులట. రాయి ఎత్తితే పక్కవాళ్ళు రేపు ఆ చోట ధాన్యం పోస్తారు. అందుకని అన్నీ తీసినా రాళ్ళు మాత్రం ఎవరూ కదపరు. రోడ్డు ప్రభుత్వానిది, రాయి ఉన్న చోటు మాత్రం వాళ్ళది!

అలా పోయింది నా ముగ్గు. మాస్టారు రోడ్డు నడిమికి ఒక గీత గీసి, కుడి పక్కన ఎవరి చోటు దగ్గర వాళ్ళ ఇంటిపేరు రాశారు. గీత ఉంది కనక రాయి అక్కర్లేదని ఒప్పించారు. మంచుకు చెరిగితే మళ్ళీ గీసేవారు. ఆ గీతలు ఎంత వంకరో చెప్పలేను. "స్కేలు లేకపోతే తాడైనా పట్టుకోండి," అని నేను తాడు కూడా ఇచ్చాను. ఆ తాడుతో ఏదో పిల్లవాడి సైకిలుకు పంపు కట్టారు.

పోయే ముందు రోజు సాయంత్రం కూడా గీసి వచ్చారు. నిర్వాహకులు రోడ్డు చూడటానికి వచ్చేసరికి ఆయన లేరు. మనవరాలు, నేను వెళ్ళాం. మాట ఇచ్చింది చనిపోయిన మనిషికి. ఇక ఎవరు పట్టించుకుంటారని దారంతా ఆటోలో సణుగుతూనే ఉన్నాను. "మామ్మా, కాసేపు ఊరుకో," అంది పిల్ల.

రాళ్ళన్నీ అంచుకు వెళ్ళిపోయి ఉన్నాయి. ఎడం సగం శుభ్రంగా ఊడ్చి ఉంది. మంచుకు చెరిగిన గీతను ఆ వంకరలోనే ఎవరో మళ్ళీ దిద్దారు. కారు దిగిన ఇద్దరిలో ఒకాయన గీతను బూటుతో తాకి, "ఇదేంటి?" అన్నాడు.

"అటు మాది, ఇటు మాస్టారిది," అంది పెద్ద రాశి ఆవిడ.

"ఆ మాస్టారెక్కడ?"

"ఆయన లేరు. అడగాల్సింది నన్ను అడగండి," అన్నాను. రోడ్డు సంగతులు వరసగా చెప్పాను. ఎక్కడ పళ్ళెం, ఎక్కడ గంగాళం, చేపల లారీ నీళ్ళు కారి ఎక్కడ జారుతుంది. అంగుళాల్లో చెప్పాలన్న సంగతి తర్వాత గుర్తొచ్చింది. వాళ్ళు మాత్రం ప్రతి గంగాళం దగ్గరా ఎర్రజెండా పెట్టించారు. దారి ఉంచేశారు.

పందెం నాడు పొద్దున్నే వెళ్ళి నిలబడ్డాను. బరకాల కింద కుప్పలు, పక్కన చేటలు పట్టుకుని ఆడవాళ్ళు. ముందు మోటారు సైకిళ్ళు, వెనక ఒక్క ఊపున పిల్లలందరూ. ఆ టైర్ల చప్పుడు వాన మొదలైనట్టుంది. మా పిల్ల ముందు గుంపులోనే ఉంది, తల వంచి, కళ్ళు రోడ్డు మీద. కైకలూరులో మూడోదానిగా చివరి గీత దాటిందని, జట్టువాళ్ళు రమ్మన్నారని తర్వాత తెలిసింది. మాస్టారుంటే వీధంతా గోల చేసేవారు, నేను కసిరేదాన్ని. ఇప్పుడు కసరడానికి ఎవరున్నారు?

చివరి సైకిలు మలుపు తిరిగీ తిరగకముందే పెద్ద రాశి ఆవిడ బరకం లాగేసింది. "కాసేపాగలేవా?" అన్నాను.

"దాటగానే రోడ్డంతా మాదే అన్నారుగా అమ్మగారూ," అంది. చెక్క పలకతో ధాన్యాన్ని నెట్టుకుంటూ గీత దాటి ఆయన సగంలోకి వచ్చేసింది. తర్వాత చెప్పులు విడిచి, ధాన్యంలో కాళ్ళు ఈడుస్తూ చాళ్ళు తీసింది, గింజ ఆరడానికి. ఆవిడ కాలు సాగిన చోట అడుగున తారు, దాని మీద ఆ వంకర తెల్లగీత కాస్త కనపడేది. పక్క చాలు గింజలు జారి మళ్ళీ కప్పేసేవి.